ఇంత లావు పుస్తకాలు ఎవరి కోసం? ఫాంటసీ నవలల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే శీర్షికలో, ఇప్పుడొస్తున్న ఇంగ్లీషు ఫాంటసీ నవలల్లో చాలావాటికి లోకాన్ని కట్టడం మీదున్న శ్రద్ధ ఆ లోకంలో బతికే మనుషుల మీద లేదని రాశాను. బ్రాండన్ శాండర్సన్ పాత్రలు ఆఫీసు మీటింగులో కూర్చున్నట్టు మాట్లాడుకుంటాయని కూడా రాశాను. ఉత్తరాలు బాగా వచ్చాయి. బెంగళూరులో మనవాళ్ళు ఇంతమంది ఈ పుస్తకాలు చదువుతున్నారని చూసి చాలా సంతోషం వేసింది. కోపంగా రాసినవీ ఉన్నాయి, వాటితోనే మొదలుపెడతాను.

ప్రశ్న: మేడమ్, శాండర్సన్ గురించి మీరు రాసింది అన్యాయం. అంత కష్టపడి ఒక్క లొసుగు కూడా లేకుండా మ్యాజిక్ సిస్టమ్, అంటే మాయకి కూడా నియమాలు, కడితే మీకు కనపడింది డైలాగులేనా? నేను రోజూ మెట్రోలో ఆయన పుస్తకాలే చదువుతాను. అవి లేకపోతే ఈ ఊళ్ళో మొదటి రెండేళ్ళు ఎలా గడిచేవో నాకే తెలియదు.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాడుగోడి

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది. మనల్ని నిలబెట్టిన పుస్తకాన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకూ కోపమే వస్తుంది. కానీ నేను ఆయన్ని తీసిపారేయలేదు. 2006లో వచ్చిన మిస్ట్‌బార్న్ మొదటి భాగం చదవమని ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంటాను. అందులో లోహాలు మింగి, కడుపులో వాటిని మండించి శక్తి తెచ్చుకుంటారు కదా, ఉక్కు మండిస్తే దగ్గర్లో ఉన్న లోహాన్ని అవతలికి నెట్టొచ్చు. విన్ అనే పదహారేళ్ళ పిల్ల ఒక నాణేన్ని కింద పడేసి నెడుతుంది. నాణెం నేలకి ఆనుకుపోయి ఇంక కదలదు కాబట్టి ఆ తోపు తన మీదకే తిరిగొచ్చి తనే గాల్లోకి లేస్తుంది. పిల్ల సన్నగా ఉంటుంది, తనకంటే బరువైన దాన్ని నెట్టిందంటే వెనక్కి ఎగిరిపడేది తనే. అక్కడ మనం నియమాలు చదువుతున్నామని అనిపించదు. ఒక పిల్ల ఒంటి బరువు మనకి తెలుస్తుంది, ఎప్పుడూ పస్తులుండి దెబ్బలు తిన్న పిల్ల మొదటిసారి ఊరి ఇళ్ళకప్పుల మీద ఎగురుతుంటే మనకీ ఊపిరాడుతుంది.

అలాగే 2010లో వచ్చిన 'ది వే ఆఫ్ కింగ్స్'. వంతెన భుజాన మోసుకుంటూ బాణాలకి ఎదురు పరిగెత్తే కూలీలు, అందులో ముందు వరసలో ఉన్నవాళ్ళు ముందు చస్తారు. ఆ కూలీల్లో ఒకడు కలాదిన్, తన జట్టులో గాయపడినవాళ్ళ కోసం రాళ్ళు ఏరే పనికి వెళ్ళి, అక్కడ పెరిగే ఒక గడ్డి మొక్క కాడల్లోంచి పాలు చుక్క చుక్కగా పిండి సీసాలో పోగుచేస్తాడు. ఆ సీసా చాలు నాకు. అతను ఎలాంటివాడో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇంత తెలిసిన మనిషి, అదే సీరీస్ ఐదో పుస్తకంలో, 2024 డిసెంబరులో వచ్చిన 'విండ్ అండ్ ట్రూత్'లో, 1300 పేజీలకు పైగా రాసి, పది రోజుల కథ చెబుతూ, ప్రతి పాత్ర చేతా తన మనసులో ఏముందో తనే విడమర్చి చెప్పిస్తుంటే నాకు బాధేస్తుంది. మనోవైద్యం గురించి రాయడం మంచి విషయమే. కానీ వెయ్యేళ్ళ యుద్ధాలు చూసిన లోకంలో మనుషులు ఈ దశాబ్దపు కౌన్సెలింగ్ మాటలే మాట్లాడితే ఆ లోకం కాస్తా మన కాన్ఫరెన్స్ హాల్ అయిపోతుంది. ఆయన రాయలేక కాదు, సీసా ఉన్న పేజీ రాసింది ఆయనే, అందుకే నా ఫిర్యాదు. పని విషయంలో మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలి. 2007లో రాబర్ట్ జోర్డన్ అనే రచయిత పోయాక, ఆయన రాస్తున్న 'వీల్ ఆఫ్ టైమ్' సీరీస్‌లో మిగిలిన కథని ఆ నోట్సు పెట్టుకుని శాండర్సన్ 2009, 2010, 2013ల్లో మూడు పుస్తకాలుగా ముగించి ఇచ్చాడు. ఇంకొకరి ఇంటిని అంత గౌరవంగా పూర్తిచేసినవాళ్ళు ఈ రంగంలో నాకు తెలిసి తక్కువ.

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె. చాలా ఏళ్ళుగా కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి రెండో పి.యు.సి. క్లాసులో ఆడపిల్లలందరూ 'ఫోర్త్ వింగ్' అనే డ్రాగన్ల పుస్తకం మార్చుకుని చదువుతున్నారు. అందులో చదవకూడనివి ఉన్నాయని మా తోడికోడలు చెప్పింది. లాక్కోవాలా, వదిలేయాలా? టెన్షన్‌గా ఉంది.
గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: ఉన్న సంగతి చెబుతాను. రెబెకా యారోస్ రాసిన ఆ పుస్తకం 2023లో వచ్చింది, అది పెద్దవాళ్ళ కోసం రాసిందే. కథానాయికకి ఇరవై ఏళ్ళు. పడగ్గది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. అట్ట మీద డ్రాగన్ బొమ్మ చూసి పిల్లల పుస్తకం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, షాపులో కూడా ఒక్కోసారి పిల్లల అరలోనే పెట్టేస్తారు. అది తప్పు. మీరు ముందు ఒకసారి చదవండి, ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది. పదిహేడేళ్ళ పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కుంటే ఫోనులో చదువుతుంది, మీతో మాట్లాడే దారి మూసుకుపోతుంది, అంతే.

ఇక నవలగా ఎలా ఉందంటారా, మొదటి యాభై పేజీలు నాకు నిజంగా నచ్చాయి. వయలెట్ బక్కపిల్ల, కీళ్ళు ఊరికే జారిపోతుంటాయి, పుస్తకాల మధ్య బతకాలనుకున్నదాన్ని తల్లి బలవంతంగా డ్రాగన్ సవారీల బడికి పంపిస్తుంది. మొదటిరోజే ఒక ఇరుకు రాతిగోడ మీద నడిచి అవతలికి చేరాలి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, జారితే చావే. వాళ్ళక్క ఇచ్చిన బూట్లకి జారని అడుగులున్నాయి. పక్కన నిలబడ్డ కొత్త పిల్ల బూట్లు నున్నగా ఉన్నాయి. ఈ పిల్ల తన బూటు ఒకటి విప్పి ఆమెకిచ్చి, ఆమెది ఒకటి తను తొడుక్కుంటుంది. ఇద్దరికీ చెరో కాలు గట్టిగా నిలుస్తుంది, చెరో కాలు జారుతుంది. అంతకుముందు ముఖం కూడా తెలియని మనిషితో చావుని సగం సగం పంచుకోవడం అంటే అదీ. నవల అంతా ఇలాగే ఉంటుందని ఆశపడ్డాను.

ఉండదు. రోజూ పొద్దున చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు, ఆ పేర్లలో ఒకటీ రెండూ తప్ప ఎవరికీ ఏమీ కావు. వినడం, తిండికి వెళ్ళిపోవడం. ఇంతమంది పిల్లలు చస్తుంటే కథ చూపంతా నాయకుడి కండల మీదే ఉంటుంది. ప్రేమకథ ఉండటం మీద నాకేం అభ్యంతరం లేదు, చావుని ఊరికే వెనక వాయిద్యంలా వాడటం మీదే. మీ అమ్మాయికి దీంతోపాటు అర్సులా లెగ్విన్ 1971లో రాసిన 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' ఇచ్చి చూడండి. చిన్నప్పుడే తల్లిదండ్రుల నుంచి తీసుకొచ్చి పూజారిణిని చేసిన పిల్ల, నేలకింద చీకటి దారులన్నీ చేత్తో తడిమి నేర్చుకుంటుంది, అక్కడ దీపం వెలిగించడం నిషిద్ధం. ఒకరోజు ఎవడో దొంగగా వచ్చినవాడి చేతికర్ర వెలుగులో, తను ఏళ్ళ తరబడి చీకట్లో నడిచిన గుహ ఎంత అందంగా ఉందో మొదటిసారి కళ్ళారా చూస్తుంది. చదివాక మీ అమ్మాయి ఏమందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మ్యాప్ ఉన్న పుస్తకాలే కొంటాను. తప్పా?
యలహంక

జవాబు: తప్పేముంది! టోల్కీన్ కూడా ముందు పటం గీసుకుని దానికి తగ్గట్టు కథ రాశానని చెప్పుకున్నాడు. పటంలో ఉన్న ఊళ్ళన్నిటికీ టూరిస్టు బస్సులా తిప్పే నవలలు మాత్రం వదిలేయండి.

ప్రశ్న: 2011లో ఇంజినీరింగ్ చదువుతుండగా 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' కొన్నాను. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. తర్వాతి పుస్తకం ఇంకా రాలేదు. రాత్ఫస్ మూడో భాగం కూడా అంతే. పాఠకుణ్ణి ఇలా మోసం చేయడం న్యాయమేనా? ఇకమీదట పూర్తికాని సీరీస్ ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను.
ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మోసం అనే మాట నేను ఒప్పుకోను. మీరు పుస్తకానికి డబ్బిచ్చారు, పుస్తకం వచ్చింది. రాని పుస్తకానికి రచయిత మనకి బాకీ పడడు. కానీ ఎందుకు ఆగిపోయాయో వచ్చిన పుస్తకాల్లోనే కనిపిస్తుందని నా నమ్మకం, దాని గురించి మాట్లాడుకోవడమే మనకి లాభం.

మీరు కొన్న పుస్తకం రాసిన మార్టిన్ ఈ సీరీస్‌ని మొదట మూడు పుస్తకాలనుకున్నాడు, మొదటిది 1996లో వచ్చింది. మూడోది, 2000లో వచ్చిన 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్', నా లెక్కలో ఈ ముప్ఫై ఏళ్ళలో వచ్చిన గొప్ప ఫాంటసీ నవలల్లో ఒకటి. ఆ తర్వాత కథని ఐదేళ్ళు ముందుకి దూకించాలనుకున్నాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యేలా. అది కుదర్లేదని మానుకుని ఆ మధ్య కాలాన్నే రాయడం మొదలుపెట్టాడు, అక్కడే బిగుసుకుంది. పుస్తకం లావైపోయి పాత్రల్ని ప్రాంతాల వారీగా విడగొడితే, 2005 నాటి పుస్తకంలో సగంమంది మనకి కావలసినవాళ్ళు కనపడనే లేదు. దూరదూరంగా ఉన్నవాళ్ళందరినీ ఒకే ఊరికి సరైన వేళకి చేర్చడానికి ఆయన పడిన తిప్పలు 2011 పుస్తకంలో పేజీ పేజీకీ తెలుస్తాయి. ఈ కథ మీద తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్ 2019లో తనకు తోచినట్టు ముగించేసింది. మూడో పుస్తకం దాకా చదవండి, అక్కడ ఆగినా మీకు నష్టం లేదు.

పాట్రిక్ రాత్ఫస్ సంగతి వేరు. ఆయన కథలో సత్రం నడుపుకునే క్వోత్ తన కథని మూడు రోజుల్లో చెబుతానంటాడు, రోజుకో పుస్తకం. 2007 నాటి మొదటి పుస్తకం, 'ది నేమ్ ఆఫ్ ది విండ్', వాక్యం వాక్యం చెక్కినట్టుంటుంది. బడి ఫీజు కట్టడానికి ఆ కుర్రాడు చిల్లర లెక్కపెట్టుకోవడం, అప్పు చేయడం, వీణలాంటి ఆ వాద్యం తీగ తెగినా వాయించి గెలవడం, ఇవన్నీ మరిచిపోలేం. రెండో రోజు, అంటే 2011లో వచ్చిన దాదాపు వెయ్యి పేజీల పుస్తకం, మళ్ళీ అదే బడి, అదే ఫీజు. సముద్ర ప్రయాణం, ఓడ మునగడం, దొంగలు, ఇవన్నీ చెప్పనని నాలుగు ముక్కల్లో దాటేస్తాడు. అంత గొప్ప వీరుడి పతనం, రాజహత్య, యుద్ధం, అన్నీ మూడో రోజుకే మిగిలిపోయాయి. ఒక్క పుస్తకంలో అవి పట్టవు. పునాదిలోనే చిక్కుంది, అందుకే ఆలస్యమైందని నేననుకుంటాను. మొదటి పుస్తకాన్ని విడిగా ఒక నవలలా చదువుకోండి, అది చాలా బాగుంటుంది.

పూర్తయినవే కావాలంటే రాబిన్ హాబ్ ఉన్నారు. 1995లో మొదలై 2017లో ముగిసిన పదహారు పుస్తకాలు. మొదటిది, 'అసాసిన్స్ అప్రెంటిస్', చదవండి. రాజుగారి కొడుక్కి పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లవాడు ఫిట్జ్, కోటలో ఎవరికీ పట్టనివాడు. విందు మర్నాడు మిగిలిపోయిన తిండి కోసం కుక్కపిల్లతో తిరుగుతుంటే రాజు చూస్తాడు. ఎర్రరాయి పొదిగిన చిన్న వెండి పిన్ను ఆ పిల్లాడి చొక్కాకి గుచ్చి, నీకు తిండి, బట్ట, చదువు నేనిస్తాను, ఎవరైనా ఇంతకంటే ఎక్కువిస్తామంటే ముందు నా దగ్గరికి రా, అంటాడు. ప్రేమా కాదు, దయా కాదు, కొనుగోలు. ఆ పిల్లాడు దాన్నే ప్రేమ అనుకుని జీవితమంతా మోస్తాడు. ఇంద్రజాలం దాదాపు లేని ఆ ఒక్క పేజీలో ఒక రాజ్యం ఎలా నడుస్తుందో మొత్తం తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇప్పటి ఫాంటసీలో కథ తక్కువ, రాజకీయం ఎక్కువ అయిపోయింది. జాతి, వలస పాలన, లింగవివక్ష... బహుమతులన్నీ వాటికే. నాకు కత్తియుద్ధాలు చాలు.
రిటైర్డ్ ఉద్యోగి, రాజాజీనగర్

జవాబు: కత్తియుద్ధాల్లోనూ రాజకీయమే ఉందండీ, గద్దె ఎవరిదన్న ప్రశ్న కదా అది. మీరు విసిగిపోయింది రాజకీయంతో అనుకోను, ఉపన్యాసంతో. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎన్.కె. జెమిసిన్ మూడు నవలల వరసకి 2016, 2017, 2018ల్లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో బహుమతులు వరసగా మూడొచ్చాయి, అంతకుముందు ఎవరికీ అలా రాలేదు. భూకంపాలతో అల్లాడే నేల, ఆ భూకంపాల్ని ఆపగలిగే మనుషులు, వాళ్ళనే అందరూ అసహ్యించుకుంటారు, గొలుసులేస్తారు. నల్లవాళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళకి అది దేని గురించో తెలుస్తుంది. కానీ వాటిలో మొదటిదైన 'ది ఫిఫ్త్ సీజన్' మొదటి పేజీల్లో ఏముంది? ఒక తల్లి ఇంటికొస్తే చిన్నకొడుకు చచ్చిపడి ఉంటాడు, చంపింది తండ్రే. ఆమె పిల్లాడి ఒంటికి దుప్పటి కప్పి, ముఖం మాత్రం కప్పదు. వాడికి చీకటంటే భయం కాబట్టి. ఇది చదివాక ఆ జాతిని ఎందుకు ద్వేషిస్తారో చెప్పే వాక్యం అవసరమే లేదు. నవలలో ఈ తల్లి కథ 'నువ్వు' అంటూ నడుస్తుంది, మొదట ఇబ్బందిగా ఉంటుంది, అలవాటయ్యాక వదలదు.

ఆర్.ఎఫ్. క్వాంగ్ 2022లో రాసిన 'బాబెల్' ఇంకో రకం. 1830ల ఆక్స్‌ఫర్డ్, వెండి కడ్డీల మీద రెండు భాషల మాటలు చెక్కితే వచ్చే శక్తితో నడిచే బ్రిటిష్ సామ్రాజ్యం, ఆ వెండి కోసం, నల్లమందు వ్యాపారం కోసం చైనా మీదకి యుద్ధానికి వెళ్ళడం. కాంటన్ నుంచి వచ్చిన రాబిన్, కలకత్తా నుంచి వచ్చిన రామీ, ఇద్దరికీ ఆ ఊరంటే ప్రేమే, ఆ ఊరు వాళ్ళని వాడుకుంటుంది. ఊహ ఎంత బాగుందో! ఊళ్ళు వదిలి పరాయి భాషలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనకి ఇంకా గట్టిగా తగలాలి. కానీ రచయిత్రికి మన మీద నమ్మకం లేదు. రామీకి అవమానం జరుగుతుంది, మనకి చివుక్కుమంటుంది, వెంటనే అది ఎందుకు అవమానమో ఒక పేరా, కింద ఒక ఫుట్‌నోటు. తెల్లవాళ్ళలో ఒక్క మనిషికైనా లోపల రెండు రకాల ఆలోచనలు ఉండనివ్వలేదు. ఆమె చెప్పిన ప్రతి మాటతో నేను ఏకీభవిస్తాను. అయినా నవల నన్ను కదిలించింది మొదటి సగంలో, ఆ నలుగురు స్నేహితులు రాత్రిళ్ళు కలిసి చదువుకునేటప్పుడే.

ప్రశ్న: మీ జాబితాల్లో మనవాళ్ళెవరూ ఉండరేం? అమీష్ పుస్తకాలు లక్షల మంది చదివారు. మన పురాణాలతో రాస్తే మీకు చిన్నచూపా?
బొమ్మనహళ్ళి

జవాబు: చిన్నచూపు లేదు. 2010లో 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా' వచ్చినప్పుడు, అంతకుముందు ఇంగ్లీషు నవల పట్టుకోని మా చుట్టాల పిల్లలు కూడా చదివారు. ప్రచురణకర్తలు కాదంటే సొంతంగా వేయించుకుని నిలబడిన పుస్తకం అది. శివుడు టిబెట్‌లో ఒక గణానికి నాయకుడు, మెలూహా వచ్చి సోమరసం తాగితే కంఠం నీలంగా మారుతుంది. ఈ ఊహకి నేను ఎప్పుడైనా చప్పట్లు కొడతాను.

నా అసంతృప్తి వాక్యంతో. హిమాలయాల్లో తెగల మధ్య పెరిగిన మనిషి, ఆ ఊరి రాజు, సేనాపతి, వైద్యురాలు, అందరూ ఒకేలా మాట్లాడతారు, అదీ మన ఆఫీసు క్యాంటీన్లో విన్నట్టు. పైగా ప్రతి అద్భుతానికీ ఎవరో ఒకరు వచ్చి శాస్త్రీయ కారణం చెప్పి వెళ్తారు. అద్భుతాన్ని వివరించి వివరించి మిగల్చకుండా చేస్తే ఇక ఫాంటసీ ఎందుకు? శివుడి గురించి తెలుగులో మనకి ధూర్జటి పద్యం ఉంది, పల్లెటూరి జంగందేవర పాట ఉంది. ఆ చెవితో చదివేవాళ్ళకి ఈ ఇంగ్లీషు చప్పగా ఉంటుంది.

ఇదే నేల నుంచి ఇంకోలా రాసినవాళ్ళూ ఉన్నారు. శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర 2023లో రాసిన 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' నెబ్యులా బహుమతి తెచ్చుకుంది. బిడ్డ పుట్టగానే తల్లి వాడి నీడని పెద్ద ఇత్తడి మేకుతో నేలకి దిగ్గొట్టి ఒంటి నుంచి చీల్చేస్తుంది. మొదటి వాక్యమే అది. తండ్రిని చంపడానికే ఆ పిల్లాణ్ణి పెంచుతుంది, ఆ తండ్రి లోకమంతా కొలిచే గురువు. బుద్ధుడి కథ, ఆయన కొడుకు రాహులుడి కథ తెలిసిన మనకి ఒళ్ళు జలదరిస్తుంది, కానీ రచయిత ఎక్కడా ఆగి ఇది ఫలానా కథ సుమా అని చెప్పడు. మధ్యలో కొంచెం దారి తప్పుతుంది, జైలు భాగం సాగదీసినట్టు ఉంటుంది, ఓపిక పట్టండి. తాషా సూరి 'ది జాస్మిన్ థ్రోన్' కూడా చదవండి, 2022లో వరల్డ్ ఫాంటసీ బహుమతి వచ్చింది. మనుషుల ఒంట్లోంచి ఆకులు, కొమ్మలు మొలిచే రోగం, ఆ రోగం పట్టిన వీధి పిల్లలకి ఒక పనిమనిషి పవిత్రమైన చెక్కపూసలు ఇస్తూ ఉంటుంది.

ప్రశ్న: కళ్ళు సరిగా కనపడవమ్మా, లావు పుస్తకాలు పట్టుకోలేను. ఫాంటసీ అంటే ఏమిటో తెలుసుకోవాలని ఉంది. సన్నటి పుస్తకం ఒక్కటి చెప్పు.
జయనగర్ నుంచి ఒక పెద్దాయన

జవాబు: సుసానా క్లార్క్ రాసిన 'పిరనేసి' చదవండి తాతగారూ. దాదాపు రెండువందల యాభై పేజీలే. 2004లో చాలా పెద్ద నవల ఒకటి రాసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అనారోగ్యంతో ఉండి, 2020లో ఆమె రాసిన రెండో నవల ఇది. అంతులేని మందిరాలు, నిండా రాతి బొమ్మలు, కింది గదుల్లోకి సముద్రం పోట్లెత్తి వస్తుంది, పై గదుల్లో మేఘాలుంటాయి. అందులో ఒక్క మనిషి, చేపలు పట్టుకుంటూ, సముద్రపు నాచు ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకుంటూ, రోజూ డైరీ రాసుకుంటూ బతుకుతాడు. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షుల జంట గూడు కట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, తను దాచుకున్న ఎండు నాచు కొంత తీసుకెళ్ళి వాటికిస్తాడు. అది ఎన్ని రోజుల వెచ్చదనమో లెక్క చూసుకుని మరీ ఇస్తాడు. లోకంలోకి ఇంకో పక్షి రావడం ముందు తను కొన్నాళ్ళు వణకడం ఏపాటిదని అనుకుంటాడు. ఆ మనిషి అక్కడికి ఎలా వచ్చాడన్నది కథ, అది చెప్పను. అక్షరాలు పెద్దవి కావాలంటే ఈ-బుక్‌లో పెంచుకోవచ్చు, మనవల్ని అడగండి.

ప్రశ్న: ఫుట్‌పాత్ మీద రెండొందలకి కొన్న నవలలో మధ్యలో పేజీలు లేవు, ఒకచోట అవే పేజీలు రెండుసార్లు ఉన్నాయి. అసలు పుస్తకాలు అంత ఖరీదు పెడితే ఏం చేయాలి?
మారతహళ్ళి

జవాబు: దొంగ అచ్చు కొనకండి, రచయితకి పైసా చేరదు, కళ్ళు పోతాయి. మెట్రోలో ఎం.జి. రోడ్‌లో దిగి చర్చ్ స్ట్రీట్‌కి నడవండి. బ్లాసమ్, బుక్‌వర్మ్ రెండింట్లోనూ ఫాంటసీకి అరలున్నాయి, చదివేసిన అసలు పుస్తకాలు తక్కువకి దొరుకుతాయి.

ప్రశ్న: ఇవన్నీ ఇంగ్లీషులోనే ఎందుకు చదువుకోవాలి? తెలుగులో పెద్దవాళ్ళ కోసం ఇలాంటి నవలలు ఎందుకు రావు? మనకి ఊహ లేదా?
హోరమావు

జవాబు: ఊహకేం తక్కువ! పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథే లోకంలో మనుషులై పుట్టి నడుస్తుంది. కాలం ముందూ వెనకా అవుతుంది, ఒకరి రూపంలో ఒకరొస్తారు, ఎవరు ఎవరో చివరిదాకా తేలదు. ఇప్పుడు అలాంటిది ఎవరైనా ఇంగ్లీషులో రాస్తే బహుమతులన్నీ పట్టుకుపోతారు. ఇక 1947లో మద్రాసులో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ళ తరబడి సీరియళ్ళు రాశారు. తోకచుక్క, రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. ఆయన పేరు కూడా వేసేవారు కాదు. చిత్రా గారి బొమ్మలు, ఆయన వాక్యాలు. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కో వాక్యంలో ఒక పని జరుగుతుంది. మొసలి తల మనిషి వస్తే, వచ్చాడంతే. ఎలా పుట్టాడు, ఏ సిస్టమ్ కిందికి వస్తాడు అని ఆగేవారు కాదు. వారం వారం కాదు, నెలకి ఒకసారి, నాలుగైదు పేజీలు. నెలంతా పిల్లలు దాని గురించే మాట్లాడుకునేవారు.

ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ కోసం ఎవరూ రాయలేదు, మన దురదృష్టం అక్కడే ఉంది. వారపత్రికల రోజుల్లో చేతబడి, క్షుద్రశక్తుల నవలలు విపరీతంగా అమ్ముడయ్యాయి, భయం అమ్ముడైంది, అద్భుతం సినిమాకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సీరియల్ నవలని మోసే పత్రికలే తగ్గిపోయాయి. వెయ్యి పేజీలు రాసే రచయితకి ఏళ్ళ తరబడి తిండి పెట్టే ఏర్పాటు ఏదీ మనకి లేదు. ఇంకో సంగతి బెంగళూరులో ఇంటింటా చూస్తున్నాం, మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. రాసినా ఎవరు చదువుతారు అని రాయగలిగినవాళ్ళే వెనక్కి తగ్గుతున్నారు. అయినా నా ఆశ ఏమిటంటే, వెయ్యి పేజీలు మనకి అక్కర్లేదు. రెండువందల పేజీల తెలుగు ఫాంటసీ ఒకటి గట్టిగా రాస్తే చదివేవాళ్ళు ఉన్నారు, ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూశాక ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను తెలుగులో ఫాంటసీ రాస్తున్నాను. ఏడు రాజ్యాల చరిత్ర, వంశవృక్షం, నాణేలు, పండగలు అన్నీ రాసుకున్నాను, ఎనభై పేజీలు అయ్యాయి. కథ మాత్రం మొదలవడం లేదు. ఆ పేజీలు జతచేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
డిగ్రీ విద్యార్థి, బన్నేరుఘట్ట రోడ్

జవాబు: మొత్తం చదివాను. రాజుల పేర్లు బాగా పెట్టావు, నాణేల మీద శ్రమ కనిపిస్తోంది. కానీ ఏ రాజు ఎవరి కొడుకో రెండు పేజీలు తిప్పేసరికి మరిచిపోయాను. మరిచిపోనిది ఒక్కటుంది. మూడో రాజ్యం గురించి చెబుతూ, నది ఎండిపోయిన ఏడాది పడవవాళ్ళు వేరే బతుకు తెలియక పడవల్ని ఇసుకలోనే లాక్కెళ్ళారని ఒక్క వాక్యం రాసి, వెంటనే పన్నుల వివరాల్లోకి వెళ్ళిపోయావు. నీ నవల ఆ వాక్యంలో ఉంది తమ్ముడూ.

అందులో ఒక ఇంటివాళ్ళని పట్టుకో. పడవ ఎవరిది, ఎంతమంది లాగారు, తాడు దేనితో పేనారు, మధ్యాహ్నం ఇసుక కాలితే ఏం చేశారు, పడవలో ఎవరైనా కూర్చున్నారా, కూర్చుంటే ఎందుకు దిగలేదు. నది ఎందుకు ఎండిందో ఆ ఇంట్లోవాళ్ళకి తెలిసినంతే మాకూ తెలియనివ్వు. మాంత్రికుడు కావాలంటే మూడో రోజు రానీ, వచ్చినవాణ్ణి కూడా తాడు పట్టుకోమను. పడవవాళ్ళ భాష నీది ఏ జిల్లా అయితే ఆ జిల్లాది రాయి, గ్రాంథికం వద్దు, ఇంగ్లీషు సినిమా డైలాగులు అసలొద్దు. పదిహేను పేజీలు కాగానే నాకు పంపించు, తప్పకుండా చదివి జవాబు రాస్తాను. వంశవృక్షం మాత్రం ఇప్పుడే మళ్ళీ పంపకు.